హీటర్ ఆన్‌లోనే ఇరుక్కుపోతే: కంట్రోలర్ కొనాలా, రెండు చిన్న హీటర్లు చాలా?

నీలినీరు:
నాది 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (చేపలతో పాటు కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం). 300 వాట్ల హీటర్ ఒకటే ఉండేది. రాత్రి దాని థర్మోస్టాట్ (వేడి చాలగానే హీటర్‌ను ఆపే భాగం) ఆన్‌లోనే ఇరుక్కుపోయింది. పొద్దున చూస్తే నీళ్లు 31 డిగ్రీలు, చేపలన్నీ పైకి చేరి రొప్పుతున్నాయి. హీటర్ తీసేసి, లైట్లు ఆపి, నీటి మీదికి ఫ్యాన్ పెట్టి నెమ్మదిగా 26కి దించాను. చేపలు బతికాయి, ఒక ఆక్రోపోరా కోరల్ మాత్రం అడుగు నుంచి తెల్లబడుతోంది. ఇప్పుడు నీటి వేడి చూసి హీటర్‌ను బయటినుంచి ఆన్, ఆఫ్ చేసే కంట్రోలర్ కొనాలా, లేక రెండు చిన్న హీటర్లు పెట్టుకుంటే సరిపోతుందా?

పగడపుదిబ్బ:
రెండు చిన్నవే పెట్టండి. లీటరు ఉప్పునీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 4.1 కిలోజౌళ్లు కావాలి. ఆ లెక్కన 300 వాట్ల హీటర్ మీ ట్యాంక్‌ను గంటకు 1.3 డిగ్రీల దాకా పెంచగలదు. గదిలోకి పోయే వేడిని తీసేసినా, ఒక్క రాత్రి చాలు. 150 వాట్లదైతే వేగం సగం. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ బయటికి పోయే వేడీ పెరుగుతుంది కాబట్టి ఉష్ణోగ్రత పెరగడం చాలా ముందే ఆగిపోతుంది. పాడవని హీటర్ అంటూ లేదు. పాడైనప్పుడు మనకు ఎంత టైమ్ దొరుకుతుందన్నదే నాకు ముఖ్యం. కంట్రోలర్‌లో ఉండేదీ మామూలుగా ఒక రిలేనే (కరెంటుతో పనిచేసే స్విచ్), దాని కాంటాక్టులూ అతుక్కుపోతాయి.

ఆటుపోటు:
పగడపుదిబ్బ గారూ, లెక్క సరే, కానీ రెండింట్లో ఒకటి చడీచప్పుడు లేకుండా ఆగిపోతే? రెండోది ఎలాగో లాక్కొస్తుంది, గది బాగా చల్లబడిన రోజు గానీ సంగతి బయటపడదు. కంట్రోలర్ అలారం ఇస్తుంది, ఫోన్‌కి మెసేజ్ పంపేవీ ఉన్నాయి. ఇక రిలే అతుక్కున్నా హీటర్ లోపలి థర్మోస్టాట్ ఉండనే ఉంది. రెండూ ఒకేసారి చెడితేనే ప్రమాదం.

పగడపుదిబ్బ:
మరి కంట్రోలర్ ప్రోబ్ (నీటి వేడిని కొలిచే సెన్సర్) జారి నీళ్ల బయట పడితే? గది గాలిని కొలిచి, ట్యాంక్ చల్లగా ఉందనుకుని హీటర్‌ను ఆపదు. ప్రోబ్ ఉన్న సంప్‌లో (ట్యాంక్‌కి కలిపిన ఫిల్టర్ తొట్టిలో) నీళ్లు తగ్గినా అంతే.

ఆటుపోటు:
అందుకే కంట్రోలర్‌ను 26 దగ్గర, హీటర్ సొంత థర్మోస్టాట్‌ను 27 దగ్గర పెట్టాలి. ప్రోబ్ మోసం చేసినా 27 దగ్గర ఆగుతుంది. హీటర్ థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పేసి భారమంతా కంట్రోలర్ మీద వేసేవాళ్లున్నారు, అది మాత్రం చేయొద్దు.

ఉప్పుగాలి:
ఇద్దరూ వేడి దగ్గరే ఆగిపోయారు. ఆ చేపలు రొప్పింది ఊపిరాడక. 25 డిగ్రీల సముద్రపు నీళ్లు లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు 6.2 దగ్గరే ఆగుతాయి. చేపల అవసరమేమో అప్పుడే పెరుగుతుంది. చీకట్లో కోరల్స్, నాచు కూడా ఆక్సిజన్ వాడుకునేవే. ఆ సమయంలో కరెంటు పోయి పంపులన్నీ ఆగితే కొన్ని గంటల్లోనే కొంప మునుగుతుంది. నన్నడిగితే మొదటి ఖర్చు బ్యాటరీ ఎయిర్ పంప్ మీదే. కరెంటు పోగానే దానంతటదే ఆన్ అయ్యేవి దొరుకుతాయి.

ఆటుపోటు:
ఎయిర్ పంప్ మాట ఒప్పుకుంటాను, అది అందరికీ ఉండాలి. కానీ నీలినీరు గారికి వచ్చిన ఇబ్బంది అది కాదు కదా.

నీలినీరు:
150 వాట్లవి రెండు తీసుకుని, రెండింటినీ ఒకే కంట్రోలర్‌కి తగిలిస్తే?

పగడపుదిబ్బ:
తగిలించండి, కానీ రెండూ ఒకే రిలే మీద వద్దు. అది అతుక్కుంటే రెండూ ఆన్‌లో ఉంటాయి, తెగిపోతే రెండూ ఆగుతాయి. రెండు అవుట్‌లెట్లున్న కంట్రోలర్ అయితే, ఒక్కోదానికి వేరే రిలే ఉందో లేదో కొనేముందే అడగండి. నెలకోసారి ఒక హీటర్ ప్లగ్ తీసి, రెండోది నిజంగా వేడెక్కుతోందో లేదో చూసుకోండి. ఆటుపోటు గారు చెప్పిన ఆ చడీచప్పుడు లేని చావు అప్పుడు దొరుకుతుంది.