బతుకమ్మ గ్రౌండ్‌కి జనరేటర్: సైజు చెప్పేముందు లోడ్ తేల్చుకుందాం

హైదరాబాద్ కోఆర్డినేషన్:
అందరికీ నమస్తే. కాలిఫోర్నియాలోని శాన్‌హోజేలో మనం చేసే బతుకమ్మకి కూకట్‌పల్లి లైటింగ్ వాళ్లు లిస్టు ఇచ్చారు. 24 పార్ లైట్లు (స్టేజీ మీద వాడే ఫోకస్ లైట్లు), సౌండు, ఎల్‌ఈడీ వాల్, కింద చివర్లో ‘125 కేవీఏ డీజీ’, అంటే డీజిల్ జనరేటర్; కేవీఏ దాని సామర్థ్యం కొలత. ఇక్కడ ఏ ఫంక్షన్‌కైనా ఇదే లెక్క, ఎవరూ అడగరు. శాన్‌హోజేలో దయచేసి అలా బుక్ చేయొద్దు.

కాలిఫోర్నియాలో ఇంజన్ 50 హార్స్‌పవర్ గానీ, ఆపైన గానీ ఉంటే స్థానిక ఎయిర్ డిస్ట్రిక్ట్ (గాలి కాలుష్యం చూసే సంస్థ) పర్మిట్ కావాలి. లేదంటే రాష్ట్ర ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ‘పెర్ప్’ (ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లే ఇంజన్ల) రిజిస్ట్రేషన్ ఉండాలి. 50 హెచ్‌పీ ఇంజన్ అంటే సుమారు 40 కేవీఏ జనరేటర్. 125 కేవీఏ అయితే ఈ గీత దాటి చాలా దూరం వెళ్లినట్టే.

అసలు అంత అవసరమా? పాత పార్ క్యాన్ ఒక్కోటి 1000 వాట్లు, 24 పెడితే లైట్లకే 24 కిలోవాట్లు. ఎల్‌ఈడీ పార్ ఒక్కోటి 200 వాట్లు వేసుకున్నా మొత్తం 5 కిలోవాట్లు దాటదు. లైటింగ్ ఆయనతో మాట్లాడాను, ఎల్‌ఈడీలతో డిజైన్ మార్చడానికి ఒప్పుకున్నారు.

వేదిక ఏర్పాట్లు:
అన్నా, కమ్యూనిటీ సెంటర్ వెనకాల వాళ్ల స్టాండ్‌బై డీజిల్ జనరేటర్ ఉంది కదా, అదే నడిపించమంటే?

హైదరాబాద్ కోఆర్డినేషన్:
వద్దు తమ్ముడూ, అడగనే అడగొద్దు. మన ఫంక్షన్ హాళ్లలో నడుస్తుంది గానీ, అక్కడ స్టాండ్‌బైకి అనుమతి కరెంటు పోయినప్పటికే. టెస్టింగ్‌కి కూడా ఏడాదికి ఇన్ని గంటలే అని పరిమితి. మన ప్రోగ్రామ్ కోసం నడిపితే ఇబ్బంది పడేది మనకి చోటిచ్చినవాళ్లు.

ఫుడ్ స్టాళ్లు:
అన్నా, రెంటల్ వాళ్లు ‘పేపర్లన్నీ ఉన్నాయి’ అంటున్నారు. సరిపోతుందా?

హైదరాబాద్ కోఆర్డినేషన్:
మాట చాలదమ్మా. ఇంజన్ 50 హెచ్‌పీ లోపే అయితే ప్లేటు ఫొటో పంపమనండి, హెచ్‌పీ దాని మీదే ఉంటుంది. పెద్దది తప్పదంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కాపీ తీసుకోండి. అందులోని సీరియల్ నంబరు, ఇంజన్ మీది నంబరు ఒకటేనా చూడండి. ఆ కాపీ ఆ రోజంతా జనరేటర్ దగ్గరే ఉండాలి. ఇండియాలోనూ 2023 జులై 1 నుంచి కొత్త డీజీలకి సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) నాలుగు ప్లస్ అనే పొగ ప్రమాణాలు వచ్చాయి గానీ, అది తయారీదారు చూసుకునే పని. అందుకే మనకి కాగితం అడిగే అలవాటు లేదు.

ఇంకో మాట. చిన్న ఇంజన్‌కి పర్మిట్ అక్కర్లేదు గానీ పొగ మాత్రం వస్తుంది. బతుకమ్మల చుట్టూ గంటల తరబడి ఆడేది పెద్దవాళ్లు, పిల్లలు, గర్భిణులు. సాయంత్రం గాలి ఎటు వీస్తుందో గ్రౌండ్‌లో నిలబడి చూసి, పొగ జనం మీదికి రాని వైపు పెట్టించండి. ఆ కేబుల్ పొడవు ముందే కొటేషన్‌లో రాయించండి.

దోసె పెనాలు గ్యాస్ మీదే పెట్టేద్దాం. కాఫీ మెషీన్లు, రైస్ వార్మర్లు ఎన్ని, ఒక్కోటి ఎన్ని వాట్లో రేపు రాత్రికి ఇక్కడే రాయమ్మా. అవి కలిపాకే సైజు చెప్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ కట్టకండి.