కరోనా పోయింది, అన్నదమ్ముల మధ్య వచ్చిన తేడా పోలేదు. మీ ఇళ్లల్లో ఎట్లుంది?

నల్గొండ లెక్కల సారు:
2020 మార్చి దాకా అన్నకూ నాకూ పెద్ద తేడా తెలిసేది కాదు. ఆయనది సర్కారు కొలువు, నాది ప్రైవేటు బడి, కానీ ట్యూషన్లతో నాకూ సరిపోయేది, దసరాకు ఇద్దరం ఒకే దుకాణంలో బట్టలు తెచ్చేవాళ్లం. లాక్‌డౌన్‌తో బడి మూశారు, జీతం ఆగింది, ఆన్‌లైన్ క్లాసులు మొదలైనా సగం మంది సార్లను పిలవలేదు. ఉపాధి హామీ పనికి పోయాను. తట్ట మోయడం కష్టమనిపించలేదు గానీ, నా దగ్గర చదివిన పిల్లాడి తల్లి "సారూ, మీరెందుకొచ్చిన్రు" అన్నప్పుడు మాత్రం తువ్వాల ముఖం మీదికి లాక్కున్నాను. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. నేను ఆ బియ్యం తెచ్చుకున్న వారంలోనే అన్న ప్లాటు రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. ఆయన తప్పేం లేదు. అయినా అప్పటి నుంచి వాళ్లింట్లో నాకు ముద్ద దిగదు. ఇప్పుడు జీతం వస్తున్నా అంతే. ఇది కుళ్లేనా?

కోస్గి మేస్త్రీ:
సారూ, మేం అప్పుడు బొంబాయిలో బిల్డింగ్ పనిలో ఉన్నాం. తెల్ల కార్డుంటే మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇస్తున్నారని ఫోన్‌లో విన్నాం, మా కార్డేమో ఊళ్లో, మేమేమో అక్కడ. లారీ పట్టుకొని ఊరు చేరితే 14 రోజులు పొలం దగ్గర పాకలో ఉంచారు. అక్కడి నుంచి చూస్తే బోరున్న వాళ్ల వడ్లు ఊళ్లోనే కొంటున్నారు, పైసలు ఖాతాలో పడుతున్నాయి. గుంట భూమి లేనోడికి మాత్రం అడ్వాన్సు బాకీ మిగిలింది. ఒకే ఊరు, ఒకే రోగం. నాకూ మండింది. కుళ్లంటే కుళ్లే అనుకోండి.

ఓ సర్కారు ఉద్యోగి:
మీ అన్న తరఫున ఒక మాట. మాకూ 2020లో మూడు నెలలు సగం జీతమే వచ్చింది, ఈఎంఐ వాయిదా వేసుకుంటే ఆ వడ్డీ నెత్తిన పడింది. కాకపోతే కోసింది తర్వాత తిరిగి ఇచ్చారు, మీకు పోయింది పోయినట్టే, అసలు తేడా అక్కడుంది. పైగా పెళ్లిళ్లు లేవు, ప్రయాణాలు లేవు, ఖర్చే లేక డబ్బు మిగిలింది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం. మా తమ్ముడిదీ మీ పరిస్థితే. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని నేను అడగలేదు. పట్టించుకోలేదని వాడు ఇప్పటికీ అనుకుంటున్నాడు.

నారాయణపేట చెల్లె:
మాది మగ్గం. పెళ్లిళ్లు ఆగేసరికి చీరలు ఇంట్లోనే పేరుకుపోయాయి, పుస్తెలతాడు కుదువకు పోయింది, సంఘం కిస్తీ తారీఖు వస్తుందంటే నిద్ర పట్టేది కాదు. తాడు విడిపించుకున్నా ఆ నిద్ర రావడానికి ఇంకో ఏడాది పట్టింది. మొదటి ఏడాదిలోనే ఆందోళన, డిప్రెషన్ ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత చెప్పింది, అప్పుడైతే నాకొక్కదానికే మతి పోతోందనుకున్నా. అన్నా, ముద్ద దిగకపోవడం ఇన్నేళ్లుగా ఉంటే ఒకసారి 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ అని, మనసు బాగోలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోన్ లైను, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

నల్గొండ లెక్కల సారు:
చిన్నబుచ్చుకుంటాడని అడగలేదు అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా వదిన అప్పట్లో రెండుసార్లు ఊరికే ఫోన్ చేసి "వంటయిందా" అని అడిగింది, నేను అయిందని పెట్టేశాను. వచ్చే వారం బాపు సంవత్సరీకానికి ఇద్దరం ఊరికి పోతున్నాం. ప్లాటు ముచ్చట నేనే తీస్తానేమో.