అప్‌డేట్: ట్యాంకు సెన్సర్ రీడింగ్ ఎందుకు తప్పుతోందంటే
హ్యాకథాన్‌లో చూపించాల్సిన ఊరి మంచినీళ్ల ట్యాంకు ప్రాజెక్టులో నీటిమట్టం ఉన్నట్టుండి సున్నా చూపిస్తోందని అడిగాను కదా, కారణం దొరికింది. కోడ్ తప్పు కాదు. మూత కింద ఆవిరి, శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ మీద చుక్కలు కడుతోంది. బదులు వాటర్‌ప్రూఫ్ జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ పెట్టాం. దీనికీ ఓ తిరకాసుంది: 20–25 సెం.మీ. కంటే దగ్గరున్నది కొలవలేదు. అందుకే నిండు మట్టానికి 30 సెం.మీ. పైన బిగించాలి.

సెన్సర్ ఎకో పిన్ (రీడింగ్ సిగ్నల్ బయటికొచ్చే కాలు) నుంచి 5 వోల్టులొస్తాయి, దాన్ని చదివే వై-ఫై బోర్డు ఈఎస్‌పీ32 తట్టుకునేది 3.3. మధ్యలో 1కె, 2కె రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించే డివైడర్ తప్పనిసరి. 60 మిల్లీసెకన్ల ఎడంతో ఐదు రీడింగులు తీసి, వరసలో పేర్చి నడిమిది తీసుకుంటే అంకెలు గెంతవు.

ఫోన్ హాట్‌స్పాట్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, 5లో బోర్డుకి కనపడదు. డెమోలో గ్రాఫులకంటే బకెట్ నిండగానే మోటారు ఆగడం చూపించడమే మేలు.