పలుకు లున్న కూడె పసిఁడి కూడు

మన పద్య బృందంలో నేను చివరి పాదం సమస్యగా ఇస్తాను, మిగతా మూడు పాదాలూ మిత్రులు పూరిస్తారు. ఈ వారం సమస్య మా వీధి చివర పుట్టింది. ఇటలీలోని మిలాన్‌లో నవీల్యీ కాలువల దగ్గర, నేనుండే వీధిలోనే ఒక చిన్న భోజనశాల ఉంది. ఉన్నవి ఎనిమిది బల్లలు. మొన్న వేసవిలో అమ్మ వచ్చినప్పుడు అక్కడికే తీసుకువెళ్లాను. కుంకుమపువ్వు వేసిన రిసోత్తో అనే అన్నపు వంటకం వచ్చింది. సంప్రదాయం ప్రకారం అందులో ఎముక మూలుగ వేస్తారు. అమ్మ కోసం కూరగాయల రసంతో చేసిపెట్టారు. వడ్డించే పెద్దావిడ పళ్లెం అడుగున అరచేత్తో రెండుసార్లు తట్టింది. కుప్పగా ఉన్న అన్నం అలలా జారి పళ్లెమంతా పరుచుకుంది. అమ్మ ఒక మెతుకును వేళ్ల మధ్య నలిపి చూసి, “ఇంకా పలుకుంది నాయనా, మరికాస్త ఉడకనివ్వమను” అంది. ఆ ‘పలుకు’ నన్ను వదలలేదు.

సమస్య (ఆటవెలది నాలుగో పాదం):
పలుకు లున్న కూడె పసిఁడి కూడు

కాకినాడ మిత్రుని పూరణ

మిలను నగరమందు మెతుకు మెతుకునందుఁ
గుంకుమ విరి రేక గుప్పె వన్నె
వెన్న జున్ను గలిపి వేడిగా వడ్డించు
పలుకు లున్న కూడె పసిఁడి కూడు

పరిశీలన: ‘పసిఁడి’ని నిజంగానే బంగారు రంగు చేశారు, అభినందనలు. నగరం పేరును ‘మిలను’ అని కుదించడం మాత్రం నాకు నచ్చలేదు. ‘మిలాను’ జగణం (లఘువు, గురువు, లఘువు), ఆటవెలదిలో ఏ గణమూ అలా మొదలుకాదు. అందుకే ముందు ఒక గురువును నిలబెట్టాలి: “ఆ మిలాను నగరి యన్నంపు మెతుకునఁ”. యతి కూడా చెడదు.

ఇక ‘జున్ను’. మనకు జున్ను అంటే ఈనిన ఆవుదో గేదెదో ముర్రుపాలతో చేసేది, రెండు రోజుల ముచ్చట. వాళ్లు తురిమి వేసే పార్మిజానో అనే గట్టి చీజ్ కనీసం 12 నెలలు మాగాలి. ఒకటే మాటతో రెంటినీ పిలిస్తే రెండింటికీ అన్యాయం. “వెన్న పార్మిజాను వేడిగాఁ గలిపిన” అంటే గణాలూ కుదురుతాయి, వస్తువూ నిలుస్తుంది.

ఒక సభ్యురాలు అడిగారు: ఉడకని అన్నాన్ని మెచ్చుకోవడం ఏమిటని. అది ఉడకనిది కాదమ్మా. అక్కడ బియ్యం కడగరు. వెన్నలో వేయించి, మరిగే రసాన్ని గరిటెడు గరిటెడు పోస్తూ, కలుపుతూ సుమారు 18 నిమిషాలు పొయ్యి దగ్గరే నిలబడతారు. గింజ పైన ఉన్న గంజి కరిగి చిక్కబడుతుంది, నడుమ మాత్రం పంటికి తగులుతుంది. పో నది మైదానంలో పండే కార్నరోలీ, అర్బోరియో బియ్యానికి ఆ గుణం ఉంది. మనం మాత్రం పులిహోరకు అన్నాన్ని పలుకుగా దించుకోమూ?

తెనాలి సోదరి పూరణ

ఇంటి పక్కనున్న యిటలి భోజనశాలఁ
బేరు పెట్టి పిలిచి ప్రేమ మీఱఁ
గుశలమడిగి యవ్వ గొసరి వడ్డించెడి
పలుకు లున్న కూడె పసిఁడి కూడు

పరిశీలన: చదవగానే లేచి కూర్చున్నాను. పలుకులంటే మాటలు! సమస్య ఇచ్చిన నాకే ఈ దారి తోచలేదు. మా పెద్దావిడ అచ్చం ఇంతే. రెండోసారి వెళ్లేసరికే పేరు గుర్తుపెట్టుకుంది, బల్ల మీద నీళ్లు పెట్టకముందే ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడుగుతుంది. ఒక్క చిక్కు: ‘వడ్డించెడి’ కూడుకు చెందాలి, కానీ పక్కనే ఉన్న ‘పలుకుల’కు అతుక్కుంటోంది. అయినా, మాటలనూ కొసరి వడ్డించవచ్చు కదా. మార్చవద్దు.

వరంగల్ మిత్రుని పూరణ

తులసి నూరి నూనె తోడుగాఁ గలిపిన
జెనొవవారి పెస్టొ జిహ్వ కొప్పు
పైను చెట్టు గింజ పంటికింపగునట్టి
పలుకు లున్న కూడె పసిఁడి కూడు

పరిశీలన: జీడిపలుకుల దారిలో పైను గింజల పలుకులు! జెనొవ అంటే ఇటలీలోని జెనోవా నగరం. పెస్టో అన్న మాటకు మూలం ‘దంచడం’. పాలరాతి రోట్లో నూరే ఆ పచ్చడికి మన రోటిపచ్చడికి మించిన బంధువు లేదు. అయితే అందులో పడేది మన పూజల తులసి కాదు, సబ్జా గింజలిచ్చే రుద్రజడ. “రుద్రజడను నూరి రుచిగ నూనెఁ గలిపి” అని దిద్దుకోండి.

‘పెస్టో’ను ‘పెస్టొ’గా హ్రస్వం చేసినందుకు మీరు క్షమాపణ కోరారు, అవసరం లేదు. పిజ్జా, పాస్తా, రిసోత్తో, లసాన్యా: ఏది చూసినా చివర అచ్చే. వాళ్ల భాషలోనూ మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, మనకు లాగే. ఇంగ్లీషు మాటను పద్యంలోకి తేవాలంటే చివర ఒక ఉకారం అతికించాలి. ఇటలీ మాట తన కాళ్ల మీద తానే నడిచి వస్తుంది. ఆ భోజనశాలలో పలకమీద సుద్దముక్కతో రాసిన వంటకాల పేర్లు చదువుతుంటే నాకు గణాలే వినిపిస్తాయి.

నా పూరణ

అమ్మ చూచి యనియె “నన్నముడుక లేదు”
ముద్ద మింగి మఱల మురిసిపోయె
నాఁటినుండి యనును నవ్వుచు నా తల్లి
“పలుకు లున్న కూడె పసిఁడి కూడు”

తెనాలి సోదరి: పద్యం బాగుందండీ. కానీ మింగితే పలుకు ఎలా తెలుస్తుంది? “ముద్ద నమిలి మఱల” అనండి, గణం చెడదు.

నిజమే. దిద్దుకున్నాను. అమ్మ ఆ రోజు చాలాసేపు నమిలింది.