విస్లర్‌లో మొదటి డౌన్‌హిల్ రేస్: 800 డాలర్లు ఉన్నాయి, బైక్‌లో ముందు ఏం మార్చాలి?

కొండదారి_సాయి:
అందరికీ నమస్తే. నేను వాంకూవర్‌లో ఉంటా, మాది రాజమండ్రి. రెండేళ్లుగా ఇక్కడికి దగ్గర్లోని విస్లర్ బైక్ పార్క్‌కి మౌంటెన్ బైక్ (కొండల మీద తొక్కే సైకిల్) తీసుకుని వెళ్తున్నా, ఈ సమ్మర్ మొదటిసారి ఒక చిన్న లోకల్ డౌన్‌హిల్ రేస్‌కి, అంటే కొండ పైనుంచి కిందికి దిగే రేస్‌కి పేరిచ్చా. బైక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ముందు 200 మిల్లీలు లోపలికి దిగే డబుల్ క్రౌన్ ఫోర్క్ (ముందు సస్పెన్షన్), వెనక గాలితో పనిచేసే ఎయిర్ షాక్, రెండు చక్రాలూ 27.5 అంగుళాలు. నా బరువు 72 కేజీలు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు.

ప్రాబ్లమ్ ఏంటంటే పార్క్‌లో గార్బాంజో అనే ఏరియా పైనుంచి విలేజ్ దాకా సుమారు వెయ్యి మీటర్లు దిగాలి కదా, సగం దూరం వచ్చేసరికి చేతులు బిగుసుకుపోతున్నాయి, బ్రేక్ లివర్ మీద వేలు ఉందో లేదో కూడా తెలియట్లేదు. బ్రేకింగ్ బంప్స్ (అందరూ బ్రేకులేసే చోట పడ్డ గుంతలు) మీద వెనక చక్రం ఎగిరెగిరి తంతోంది. కార్బన్ వీల్స్ కొనాలా, స్ప్రింగ్ ఉండే కాయిల్ షాక్ వేయాలా, కొత్త బ్రేకులా? ఎవరైనా రేస్ చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రూట్స్_అండ్_రాక్స్:
తమ్ముడూ, కార్బన్ వీల్స్ మాట ఇప్పటికి పక్కన పెట్టెయ్. డబ్బు తీసేముందు ఒక షాక్ పంపు, ఒక స్కేలు తీసుకుని ఈ పని చెయ్.

హెల్మెట్, ప్యాడ్లు, షూస్ అన్నీ వేసుకుని పెడల్స్ మీద నిలబడు, కూర్చుని కాదు, కొండ దిగేటప్పుడు ఎలా వంగుతావో అలాగే. ఎవరినైనా బైక్ పట్టుకోమను. షాక్ మీద ఉండే రబ్బర్ రింగ్‌ని సీల్ దగ్గరికి తోసి, నెమ్మదిగా దిగి, రింగ్ ఎంత జరిగిందో కొలువు. నీ షాక్ స్ట్రోక్ (లోపలికి దిగగలిగే మొత్తం పొడవు) 75 మిల్లీలు అయితే 22, 23 మిల్లీలు జరగాలి, అంటే 30 శాతం. ఫోర్క్‌కి 15 నుంచి 20 శాతం, అంటే 30 నుంచి 40 మిల్లీలు. సెకండ్ హ్యాండ్ బైక్ అన్నావ్ కాబట్టి నాకున్న అనుమానం, పాత ఓనర్ నీకంటే బరువైన మనిషి, ఆయన పెట్టిన గాలే ఇంకా ఉంది.

చేతుల నొప్పికి ఫోర్క్ రీబౌండ్ చూడు, అంటే నొక్కుకున్న ఫోర్క్ తిరిగి పైకి వచ్చే వేగం. అది మరీ స్లోగా ఉంటే ఒక గుంతకి లోపలికి దిగిన ఫోర్క్ పూర్తిగా పైకి రాకముందే ఇంకో గుంత వచ్చేస్తుంది, అలా నాలుగైదు వరసగా తగిలేసరికి ఫోర్క్ కిందే ఉండిపోయి ఇక సస్పెన్షన్ లేనట్టే, ఆ దెబ్బలన్నీ నేరుగా నీ ముంజేతుల్లోకి వస్తాయి. నేను ఒక సీజన్ మొత్తం ఇలాగే తిరిగి ఫిట్‌నెస్ లేదనుకుని జిమ్‌కి వెళ్లా. రీబౌండ్ నాబ్ పూర్తిగా బిగించి అక్కడినుంచి క్లిక్స్ లెక్కపెట్టి రాసిపెట్టుకో, ఒకే సెక్షన్‌లో రెండేసి క్లిక్స్ మార్చుకుంటూ దిగు. గాలి సరిచేశాకే రీబౌండ్ ముట్టుకో, ముందు ముట్టుకుంటే మళ్లీ మొదటికొస్తావ్.

మడ్_టైర్_మధు:
పైన అన్న చెప్పింది హండ్రెడ్ పర్సెంట్. నేను టైర్ల గురించి చెప్తా, డబ్బు పెట్టాల్సింది అక్కడే. డౌన్‌హిల్ కేసింగ్ (మందపాటి టైర్ గోడ) ఉన్నది తీసుకో, బరువు ఎక్కువ అని మాత్రం చూడకు. ముందు మ్యాక్సిస్ అసెగై మెత్తటి రబ్బర్‌ది, వెనక మినియన్ డీహెచ్ఆర్ టూ, పొడి నేల మీద ఈ జోడీ మస్తుగ పట్టుకుంటది. నీ బరువుకి ముందు 22, వెనక 26 పీఎస్ఐతో మొదలుపెట్టు, రిమ్‌కి రాయి తగిలిన ఠంగుమనే సౌండ్ రెండుసార్లు వినపడితే ఒకటి పెంచు. వెనక టైర్‌లో ఫోమ్ ఇన్సర్ట్ (రిమ్‌ని కాపాడే స్పాంజ్ రింగ్) కూడా వెయ్.

2014లో ఆస్ట్రియాలో లియోగాంగ్ వరల్డ్ కప్‌లో అమెరికా రేసర్ ఆరన్ గ్విన్ వెనక టైర్ పోయి ఉత్త రిమ్ మీదే కింద దాకా దిగిండు, రన్ చూసినోళ్లు మర్చిపోరు కానీ రిజల్ట్ పాయె. మరుసటి ఏడు అదే లియోగాంగ్‌లో స్టార్ట్‌లోనే చైన్ తెగినా గెలిచిండు! చైన్ లేకున్నా కొండ దిగొచ్చు, టైర్ లేకుంటే కష్టం. అందుకే గేర్ల మీద పైసలు పెట్టొద్దు అంటున్న, డౌన్‌హిల్ బైక్‌కి ఏడు గేర్లు చాలు, చైన్ జారకుండా పట్టే చైన్ గైడ్ మాత్రం గట్టిది ఉండాలె.

నెల్లూరు_నుంచి_నెవిస్:
నేను స్కాట్లాండ్‌లో ఉంటా, వీకెండ్స్‌లో ఫోర్ట్ విలియమ్‌లో దిగుతుంటా. కాయిల్ షాక్ విషయంలో నా మాట వేరు, కొండ పొడుగైతే కాయిల్ వేడికి పెద్దగా మారదు, కాబట్టి మంచి సెకండ్ హ్యాండ్ దొరికితే తీసుకోవచ్చు, కాకపోతే నీ బరువుకి సరిపోయే స్ప్రింగ్ విడిగా కొనాల్సి వస్తుంది.

ముందు 29 అంగుళాల చక్రం, వెనక 27.5 వేసే పద్ధతిని మల్లెట్ అంటారు, దానికి ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ 2019లో ఒప్పుకుంది, మన ఎత్తువాళ్లకి అది బాగుంటుంది, నిటారు స్లోప్‌లో వెనక్కి వంగినా టైర్ నడుము కింద తగలదు. కానీ అది తర్వాత కొనే బైక్‌కి ఆలోచించండి.

బ్రేకులు మార్చేముందు బ్లీడ్ చేయించండి (ఆయిల్‌లో చేరిన గాలి తీయించండి), మెటల్ బ్రేక్ ప్యాడ్లు వేయండి. మినరల్ ఆయిల్‌తో పనిచేసే బ్రేక్‌లో డాట్ అనే ఇంకో రకం బ్రేక్ ఆయిల్ పోయకూడదు, సీల్స్ ఉబ్బి పాడైపోతాయి. లివర్ హ్యాండిల్‌బార్‌కి దగ్గరగా తెచ్చుకోండి, చూపుడువేలు మొదటి కణుపు దగ్గర ఆనాలి.

కొండదారి_సాయి:
అన్నా మీరు చెప్పింది అక్షరాలా నిజం! ఇప్పుడే పార్కింగ్ లాట్‌లో మా రూమ్మేట్ బైక్ పట్టుకుంటే కొలిచా, వెనక 13 మిల్లీలే జరిగింది. గాలి తగ్గించుకుంటూ వచ్చి 22 దగ్గర ఆపా. ఫోర్క్ రీబౌండ్ నాబ్ అయితే పూర్తిగా బిగించి ఉంది, ఒక్క క్లిక్ కూడా తెరవలేదు, ఇన్నాళ్లూ అలాగే దిగానా అని బాధేసింది. బ్రేక్ ప్యాడ్లు తీసి చూస్తే వెనకవి ఒకవైపు రేకు దాకా అరిగిపోయాయి.

రెండు టైర్లు, ఒక ఇన్సర్ట్, మెటల్ ప్యాడ్లు ఆర్డర్ పెట్టేశా, 800లో ఇంకా మిగిలాయి. శనివారం గార్బాంజో మూడుసార్లు దిగి క్లిక్స్ నంబర్లు ఇక్కడే పెడతా. మధు అన్నా, వర్షం పడితే అసెగై ఉంచాలా, మడ్ టైర్ వేయాలా?

మడ్_టైర్_మధు:
రోడ్డు తడిసేంత వానకి అసెగై ఉండనియ్. మట్టి చక్రానికి ముద్దగా అంటుకుంటుంటేనే ముందు మ్యాక్సిస్ షార్టీ వెయ్. దాని మీది రబ్బర్ గుబ్బలు పొడుగు, మధ్యల ఖాళీ ఎక్కువ, మట్టి తిరుగుతనే రాలిపోతది.