అప్‌డేట్: మందార పూలు తింటున్న పురుగు సోల్జర్ బీటిల్ కాదు!

కూకట్‌పల్లిలో మా మేడ మీద మందార, బెండ పూలను నలుపు నారింజ చారల పెంకు పురుగులు తినేస్తున్నాయని పోయిన నెల అడిగాను కదా, ఆ కథ తేలింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"సోల్జర్ బీటిల్, పేనుబంకని (మొక్కల రసం పీల్చే చిన్న పురుగుల్ని) తింటుంది, వదిలెయ్యండి" అని ఎక్కువమంది అన్నారు. నేనూ నమ్మి వదిలేశా. తర్వాత ఒకటి మెడ మీద పాకితే దులిపేశా. తెల్లారేసరికి అక్కడ చిక్కుడు గింజంత బొబ్బ. రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ చదువుతున్న మా అక్క కూతురు ఫొటో చూడగానే "పిన్నీ, ఇది బ్లిస్టర్ బీటిల్, చేత్తో ముట్టుకోకు" అంది.

తేడా తెలిసేది పురుగు మెడని బట్టే. బ్లిస్టర్‌కి తలకీ ఒంటికీ మధ్య దారం కట్టినట్టు సన్నగా ఉంటుంది. సోల్జర్‌కి అక్కడ బల్లపరుపు పలక, మెత్తని రెక్కలు. సోల్జర్ పిల్లపురుగులు మఖమల్ ముక్కల్లా ఉండి మట్టిలో చిన్న పురుగుల్ని, నత్తగుడ్లని తింటాయట. తమాషా ఏంటంటే, బొబ్బలు తెప్పించే క్యాంథరిడిన్ అనే రసాయనం బ్లిస్టర్‌ది, క్యాంథరిడే అన్న కుటుంబం పేరు మాత్రం సోల్జర్‌ది!

వేపనూనె కొట్టినా నా విషయంలో లాభం లేకపోయింది. ఈ పురుగు పేనుబంకని తినదు, దానికీ దీనికీ అసలు సంబంధమే లేదు. పనిచేసింది ఒక్కటే: గ్లవ్స్ వేసుకుని రోజూ పొద్దున్నే ఏరి సబ్బునీళ్ళ బకెట్లో వేయడం. పది రోజుల్లో బాగా తగ్గాయి. అన్నీ చంపబుద్ధి కాలేదు, వీటి పిల్లలు మిడత గుడ్లు తింటాయట మరి. నిన్న పొద్దున మందార ఒకటి చిల్లు లేకుండా విచ్చింది.