పాస్కల్ కంపైలర్‌లో క్లోజర్లు: ఫ్రేమ్‌ని హీప్‌కి ఎక్కించాలా, వద్దా?

మారతహళ్లి_ఆదివారం:
మేం నలుగురం వారానికోసారి కూర్చుని రాస్తున్న చిన్న పాస్కల్ కంపైలర్ ఇక్కడ ఆగిపోయింది. ప్రొసీజర్ లోపల రాసిన ప్రొసీజర్, స్టాటిక్ లింక్ (బయటి ప్రొసీజర్ ఫ్రేమ్‌ని, అంటే దాని లోకల్ వేరియబుళ్లుండే చోటుని చూపే పాయింటర్) పట్టుకుని బయటి వేరియబుళ్లను చక్కగానే చేరుకుంటోంది. ఇప్పుడు దాన్ని క్లోజర్‌గా, అంటే ఆ బయటి వేరియబుళ్లతో సహా, వేరియబుల్‌లో దాచుకుని తర్వాత పిలవాలని ఒకడి పట్టు. అందుకు ఫ్రేమ్‌ని, ప్రొసీజర్ ముగియగానే ఖాళీ అయ్యే స్టాక్ మీంచి, ఆ తర్వాత కూడా నిలిచే హీప్‌కి మార్చాలి. నాకు వద్దనే ఉంది.

పాతకాపు:
వద్దు తమ్ముడూ. స్టాండర్డ్ పాస్కల్‌లో లోపలి ప్రొసీజర్‌ని పారామీటర్‌గా పంపొచ్చు, దాచుకోవడానికి లేదు. అందుకే ఫ్రేమ్ స్టాక్ మీదున్నా భయం లేదు. పాస్కల్ చేసిన విర్త్, తన తర్వాతి భాష మాడ్యులా-2లో ప్రొసీజర్ వేరియబుల్స్ ఇచ్చి కూడా లోపలి ప్రొసీజర్లను వాటిలో పెట్టనివ్వలేదు. ఊరికే చేశాడా?

హెచ్‌ఎస్‌ఆర్_హీప్:
ఊరికే కాదన్నా, కానీ పాస్కల్ నుంచే వచ్చిన డెల్ఫీ 2009లో, పేరులేని ప్రొసీజర్లతో ఆ పని చేసి చూపించారు కదా. క్లోజర్ పట్టుకున్న వేరియబుళ్లు మాత్రమే హీప్‌లోని ఆబ్జెక్ట్‌కి పోతాయి, దానికి రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎన్ని చోట్ల పట్టుకున్నారన్న లెక్క, సున్నా అయితే మెమరీ ఖాళీ) ఉంటుంది. క్లోజర్ వాడని ప్రొసీజర్‌కి పైసా ఖర్చు లేదు.

పాతకాపు:
వాడినవాడికి? ఒకే ప్రొసీజర్‌లోని రెండు క్లోజర్లు ఒకే ఆబ్జెక్ట్‌ని పంచుకుంటాయి. ఒకటి బతికున్నంతకాలం రెండోది పట్టుకున్న పెద్ద ఎర్రే కూడా మెమరీలోనే. క్లోజర్‌ని అది పట్టుకున్న వేరియబుల్‌లోనే పెట్టావా, కౌంట్ ఇక సున్నాకి రాదు. వార్ పారామీటర్‌నైతే (పిలిచినవాడి వేరియబుల్‌నే చూపేది) డెల్ఫీ అసలు పట్టుకోనివ్వదు. అది ఎవరి స్టాక్‌లోకి చూపిస్తుందో!

హెచ్‌ఎస్‌ఆర్_హీప్:
వార్ సంగతి ఒప్పుకుంటా. మనమూ అక్కడ ఎర్రర్ ఇద్దాం.

మారతహళ్లి_ఆదివారం:
నా అసలు తలనొప్పి లోకల్ టైపులు. ప్రొసీజర్ లోపల 'నోడ్' అని ఒక రికార్డ్ ఉంది. ప్రొసీజర్ ముగియగానే సింబల్ టేబుల్‌లో (పేర్లు, టైపుల పట్టిక) ఆ స్కోప్ మొత్తాన్ని, అంటే ఆ ప్రొసీజర్‌లో ప్రకటించినవన్నీ, ఫ్రీ చేస్తున్నాం. క్లోజర్ ఆబ్జెక్ట్ లేఅవుట్ (దేనికి ఎక్కడ, ఎంత చోటు) వేసేది ఆ తర్వాత. అప్పుడు నోడ్ సైజు అడిగితే చెత్త వస్తోంది. నిన్న రాత్రి రెండయింది దీంతోనే.

హెచ్‌ఎస్‌ఆర్_హీప్:
స్కోప్ ముగిస్తే పోవాల్సింది పేరు, టైప్ కాదు. టైప్ వివరాలు యూనిట్ కంపైల్ అయ్యేదాకా ఉండనీ. ఇంకో ప్రొసీజర్‌లోనూ నోడ్ ఉంటే అది వేరే టైప్. టైప్ సమాచారానికి లేబుల్ పెట్టేటప్పుడు బయటి ప్రొసీజర్ పేరు తగిలించు, లేదంటే ఒకే పేరు రెండుసార్లు వచ్చిందని లింకర్ (కంపైలైన ముక్కల్ని కలిపేది) గోల పెడుతుంది.

పాతకాపు:
ఇది మాత్రం కరెక్టు. కానీ ఎక్స్‌టెండెడ్ పాస్కల్ స్కీమాల (హద్దుల్లాంటివి పారామీటర్లుగా తీసుకునే టైపులు) జోలికి పోకండి. అక్కడ ఎర్రే సైజు రన్ టైమ్‌లో తేలొచ్చు, అప్పుడు ఆ హద్దుల్ని కూడా క్లోజర్ మోయాలి.

మారతహళ్లి_ఆదివారం:
అయితే పారామీటర్‌గా పంపేదానికి స్టాక్ ఫ్రేమే, దాచుకునేదానికి వేరే కీవర్డ్. సరేనా అన్నా?

పాతకాపు:
కీవర్డ్ వేరైతే అడ్డుపడను. లూప్‌లో చేసిన పది క్లోజర్లూ ఒకే వేరియబుల్‌ని పంచుకుని ఒకే అంకె చూపిస్తున్నాయని అర్ధరాత్రి ఫోన్ మాత్రం చెయ్యకండి.